మైకులో చదివిన పేర్లు

మారండహళ్ళిలో ఉండే మా అన్న కూతురు ఈ మధ్య నేను చేసిన ఉద్యోగంలోనే చేరింది. వైద్య పరిశోధన సంస్థలో ఫీల్డ్ పని. కొండ ఊర్లకు పోయి, అక్కడి జనాన్ని ఒప్పించి, రక్తం తీసి, ఐస్ డబ్బాల్లో కిందికి తెచ్చే పని. చేరే ముందు నన్ను అడిగింది, "అత్తా, ఆ పని ఎట్లా ఉంటుంది?" అని. మంచి చెప్పులు కొనుక్కోమని చెప్పి ఊరుకొని ఉండొచ్చు. ఊరుకోబుద్ధి కాలేదు. రాయడానికి కూర్చున్నాను. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు గాని చదవడం రాదు. మా ధర్మపురి జిల్లాలో తెలుగిళ్ల పిల్లలు చాలామంది అంతే. అందుకని రాసింది నేనే చదివి ఫోన్‌లో పంపిస్తాను. చదవను వచ్చినవాళ్లు చదువుకోండి.

నా పేరు సరోజ. మాది పాపిరెడ్డిపట్టి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. నర్సు చదువు చదివి, కొన్నాళ్లు ఆసుపత్రిలో చేసి, తర్వాత ఆ సంస్థలో ఫీల్డ్ సూపర్వైజర్‌గా చేరి అక్కడే రిటైరైనాను. సంస్థ పేరు రాయను. కొండ ఊరి పేరు కూడా రాయను, రాస్తే ఏ ఇంటి సంగతి చెప్తున్నానో కింద అందరికీ తెలిసిపోతుంది. మనుషుల పేర్లు మార్చినాను. ఈ మాత్రం జాగ్రత్త మా సంస్థలో పెద్ద చదువులు చదివినవాళ్లు పడి ఉంటే, నేను రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

పని అంటే ఏంది

చిత్తేరి కొండల మీద ఉండేవాళ్లను మలయాళీలు అంటారు. కేరళకూ వీళ్లకూ సంబంధం లేదు. మలై అంటే కొండ, కొండమీదివాళ్లు కాబట్టి ఆ పేరు. మాట్లాడేది తమిళమే. సామలు, రాగులు పండించుకుంటారు. చింతపండూ పనసకాయలూ కిందికి తెచ్చి అమ్ముతారు. మా సంస్థకు కొత్తగా వచ్చిన డాక్టర్లు మొదటి రోజు జీపులో కూర్చొని, "సిస్టర్, వీళ్లతో మలయాళంలో మాట్లాడాల్నా?" అని అడిగేవాళ్లు. ఎవరి ఒంట్లో సూది గుచ్చబోతున్నారో వాళ్ల భాష ఏదో తెలియదు. కాని వాళ్ల మీద రాయబోయే వ్యాసానికి పేరు మాత్రం అప్పటికే పెట్టేసి ఉండేవాళ్లు.

రక్తం తీయడం ఎవరైనా నేర్చుకుంటారు. అసలు పని గడప ముందర కూర్చోవడం. ఒకామె "మొగుడు చేను నుంచి రానీ" అంటుంది. ఇంకొకామె తలుపు కూడా తీయదు. ఒక ముసలాయన, "రక్తం తీసుకొని పోయి అమ్ముకుంటారంట గదా" అంటాడు. ఈ ప్రశ్నకు మా డాక్టర్లు నవ్వేవాళ్లు. నాకు నవ్వు రాలేదు. ఆ సీసాలు ఏ ఊరికి పోతాయో, ఎంతకాలం ఫ్రీజర్లో ఉంటాయో, ఎవరెవరు వాటిలో ఏమేం వెతుకుతారో నాకే సరిగ్గా తెలియదు. నాకే తెలియనప్పుడు ఆయన అనుమానం తప్పని ఏ ముఖంతో చెప్పేది?

సమ్మతి పత్రం అని ఒక కాగితం ఉంటుంది. ఇంగ్లీషులో రాసి, పట్నంలో ఎవరిచేతనో తమిళంలోకి మార్పించినారు. ఒకసారి ఆ కొండమీది బడి వాధ్యారుకు ఇచ్చి చదవమన్నాను. బడిలో తమిళం పాఠాలు చెప్పేవాడే, సగం చదివి, "ఇది ఎవరికి రాసినారు?" అని అడిగినాడు. చదివేవాళ్లకు రాసింది కాదది. రేపు ఎవరైనా తప్పు పడితే చూపించుకోవడానికి రాసుకున్నది. వేలిముద్ర పడితే చాలు, మా ఆఫీసులో దానికి "సమ్మతి" అని పేరు.

ప్రొఫెసర్ సార్

నా పైన చాలామంది బాసులు మారినారు. వాళ్లలో ఒకాయనతోనే అన్నీ నేర్చుకున్నాను, ఏం చేయకూడదో. ఆయన్ను అందరూ ప్రొఫెసర్ సార్ అనేవాళ్లు. కొండకు వచ్చినప్పుడల్లా తెల్ల బూట్లు. ఊరివాళ్లు చెంబుతో నీళ్లిస్తే, కళ్లకు అద్దుకున్నంత వినయంగా అందుకొని, డ్రైవరు చేతికి ఇచ్చేవాడు. తన నీళ్లు జీపులో ఉండేవి. పట్నంలో మీటింగుల్లో మాత్రం "నా గిరిజనులు" అనేవాడు. నేనొకసారి ఆ మీటింగుకు పోయినాను. తెరమీద ఒక ముసలామె ముఖం, గోడంత బొమ్మ. ముడతలు, ముక్కుపుడక, అన్నీ కనిపిస్తున్నాయి. కింద రక్తహీనత అని రాసి ఉంది. ఆమెను నేనెరుగుదును. రక్తహీనత ఆమెకు లేదు, వాళ్ల కోడలికి. ముఖం బాగా పడిందని ఆమెది పెట్టినారు. హాలంతా చప్పట్లు.

బయటికొచ్చినాక సార్‌తో అన్నాను, "ఆ బొమ్మ వేస్తామని ఆమెను అడిగినామా?"

"సిస్టర్, ఆమె ఈ హాలుకు వస్తుందా ఏంది?" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదని ఇప్పటికీ కొందరు నాతో అంటారు. ఇంట్లో పిల్లులకు పాలు పోస్తాడంట. పోయనీ.

ఆదివారం

ఆ ఏడు మేము చేసిన పని సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు గురించి. అది తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు వైపులా వస్తేనే మనిషికి జబ్బు చేస్తుంది. కీళ్లు భరించలేనంత నొస్తాయి. ఒక్క వైపు నుంచే వస్తే జబ్బు కాదు. ఆ మనిషిని క్యారియర్ అంటారు, అందరిలాగే చేను దున్నుతుంది, బిడ్డల్ని కంటుంది. అట్లాంటివాళ్లు ఇద్దరు పెళ్లి చేసుకుంటేనే పుట్టే బిడ్డ గురించి ఆలోచించాల్సి వస్తుంది. ఇంత చిన్న సంగతి. దీన్ని మా టీములో కుర్రాళ్లు తమిళంలో ఒక్క ముక్కలో తేల్చేసినారు, "నోయి ఉండేవాళ్లు" అని. నోయి అంటే జబ్బు.

మొదటి పరీక్షలో అనుమానం తగిలినవాళ్ల దగ్గర రెండోసారి రక్తం తీయాలి. నేను ముందే చెప్పినాను, "సార్, ఎవరింటికి వాళ్లింటికే పోయి, తలుపు దగ్గర నెమ్మదిగా చెప్పాల. చిన్న ఊరు." "తప్పకుండా సిస్టర్, నువ్వే పోయి చెప్పు" అన్నాడు. నేను సోమవారం పోదామనుకున్నాను.

ఆదివారం నాడు, మా పరిశోధనకు డబ్బిచ్చే సంస్థ తరఫున కెమెరావాళ్లు వచ్చినారు. గడప గడపకూ పోయి గుసగుసగా మాట్లాడితే కెమెరాకు ఏం దొరుకుతుంది? సార్ వాళ్లను వెంటబెట్టుకొని కొండెక్కినాడు. బడి ముందర ఊరంతా చేరింది. బడి మైకు తెప్పించి, ఒక కుర్రాడి చేత పేర్లు చదివించినాడు. పేరు వచ్చినవాళ్లు ఎడమ పక్క నిలబడాల. ఆ రోజు నేను మా చిన్నాయన మనవడి నామకరణంలో ఉన్నాను. నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. తోచిందేమో, అందుకే చెప్పలేదు.

మరునాడు నేను జీపెక్కకముందే మా ఇంటికి ఒక అమ్మాయి వచ్చింది. చిన్నపొన్ను. ఆ ఊరిదే, పన్నెండో క్లాసు దాకా చదివింది. మొదటి రోజు రక్తం ఇవ్వడానికి ముందుకొచ్చింది ఆమే. దానికి కారణముంది. ఆమె చెల్లెలికి చలికాలం వస్తే మోకాళ్లు వాచిపోతాయి. చీరలో వేసి, కర్రకు కట్టి, కిందికి మోసుకుపోవాల. అది ఏం జబ్బో ఎవరూ చెప్పలేదు. మేము చెప్తామని నమ్మింది.

వాకిట్లో నిలబడే మాట్లాడింది. మేము మాట్లాడుకొనింది తమిళంలో, నేను తెలుగులో రాస్తున్నాను.

"అక్కా, నాకు నోయి అంట. మైకులో చెప్పినారు."

"లోపలికి రా."

"నోయి ఉండేవాళ్లు ఇటు రండి అన్నారు. పోయి నిలబడినాను. కెమెరా దగ్గరికి పెట్టి తీసినారు. ఆయన కూడా చూస్తా ఉన్నాడు."

ఆయనంటే ఆమెకు నిశ్చయమైన అబ్బాయి. అవతలి కొండ ఊరివాడు. పరిశం అయిపోయింది, అంటే పెళ్లికొడుకు వాళ్లు వచ్చి మాట ఖాయం చేసుకొని పోయినారు. ఆ ఆదివారం చిన్నపొన్ను వాళ్ల చేనులో సామలు కోయడానికి సాయంగా వచ్చి ఉన్నాడు. ఆ సాయంత్రమే అతని ఇంటి నుంచి మాట వచ్చేసింది, సంబంధం వద్దని.

కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, జబ్బు అంటే ఏంది, క్యారియర్ అంటే ఏంది, అంతా చెప్పినాను. ముగ్గుపిండితో గచ్చు మీద గీతలు గీసి చూపించినాను. వినింది. అడిగినవి కూడా సూటిగా అడిగింది.

"అంటే నాకు ఏమీ కాదు?"

"ఏమీ కాదు."

"తంగచ్చికి మాత్రం జబ్బు?" తంగచ్చి అంటే చెల్లెలు.

"అట్లానే అనుకుంటున్నాను. రెండో పరీక్ష చేస్తే ఖాయంగా తెలుస్తుంది."

గీతల మీద వేలు పెట్టి చూసింది. "ఇది చెప్పడానికి ఇంతసేపే గదా పట్టింది. ఆ మైకులోనే ఇది చెప్పి ఉండొచ్చు గదా అక్కా?"

 దీనికి జవాబు సార్‌నే అడుగుదామని ఆమెను బస్సెక్కించి ఆఫీసుకు పోయినాను.

లాస్ట్ టు ఫాలో-అప్

సార్ వీడియో చూస్తున్నాడు. చిన్నపొన్ను ముఖం కంప్యూటర్ తెరమీద ఉంది. సంగతి చెప్పినాను. ఆయన వీడియో ఆపకుండానే విన్నాడు.

"ఒక విధంగా మనం మేలు చేసినాం సిస్టర్. క్యారియర్లు ఇద్దరు పెళ్లి చేసుకోకుండా ఆగినారు."

"ఆ అబ్బాయికి మనం పరీక్ష చేయలేదు సార్. అతను ఆ ఊరివాడు కాడు. అతను క్యారియర్ అని ఎవరు చెప్పినారు?"

"అవకాశం ఉంది గదా."

"మీరు పైకి పోయి, ఊరి ముందర, మేము చేసింది తప్పని చెప్పాల. జబ్బు ఏదో, ఏది జబ్బు కాదో చెప్పాల."

"అట్లా చెప్తే టీము మీద నమ్మకం పోతుంది." కొంచెం ఆలోచించి, "ఒక అవగాహన వీడియో చేద్దాం" అన్నాడు.

నమ్మకం అప్పటికే పోయింది, అది పోయింది ఆయన గుమ్మం ముందర కాదు కాబట్టి ఆయనకు కనిపించలేదు. నాకు మాత్రం కనిపించింది: రెండో రక్తం ఇవ్వడానికి ఒక్కరు కూడా రాలేదు. అట్లాంటివాళ్ల పేర్ల పక్కన మా ఆఫీసులో రాసే మాట ఒకటుంది, "లాస్ట్ టు ఫాలో-అప్". తప్పిపోయినవాళ్లు అని అర్థం. వాళ్లు ఎక్కడికీ తప్పిపోలేదు. ఎప్పుడూ ఉండే ఇండ్లలోనే, అదే చేలలోనే ఉన్నారు. మేము పోవడం మానేసినాం, వాళ్లు కనపడకుండా పోయినారని రాసుకున్నాం. పట్నంలో దీన్ని చదివేవాళ్లు కొండజనం ఒక చోట నిలవరు కాబోలు అనుకుంటారు.

పరిశోధనలో తప్పొప్పులు చూసే ఎథిక్స్ కమిటీకి రాస్తానని చెప్పినాను. "రాయి, నేనూ ఉన్నాను గదా అందులో" అన్నాడు సార్. రాసినాను. కమిటీవాళ్లు కూడుకొని బిస్కెట్లు తిన్నారు, టీ తాగినారు, "ఇకమీదట జాగ్రత్త వహించవలెను" అని తీర్మానం చేసినారు. ఎవరు వహించాలో అందులో లేదు.

చిన్నపొన్ను మాట

మా టీములో అరవింద్ అని చిన్న డాక్టరు ఉండేవాడు. మైకులో పేర్లు చదివింది అతనే. అతని ముఖంలో ఆ వారమంతా రక్తం లేదు. "సిస్టర్, నేనూ వస్తాను" అన్నాడు. "రా తంబీ. నువ్వు మాట్లాడు, నేను పక్కనుంటాను" అన్నాను. సెలవు పెట్టి, ఆఫీసు జీపు లేకుండా, చిత్తేరి బస్సెక్కి పోయినాము. ఇంటింటికీ పోయినాము. కొన్ని ఇండ్లలో కూర్చోమన్నారు. కొన్నింట్లో మా మీదికి కుక్కను వదలలేదు, అంతే. ఒకామె అరవింద్‌ను పైనుంచి కిందికి చూసి, "ఆ రోజు గొంతు బాగా పెద్దగా ఉండె" అన్నది. అతను తల వంచుకొని, "తప్పు చేసినానమ్మా" అన్నాడు. ఎండపొద్దంతా ఆ మాటే చెప్పుకుంటా తిరిగినాడు. నా సర్వీసులో ఒక డాక్టరు నోట ఆ మాట వినింది అప్పుడే.

తర్వాత కొండ దిగి, ఇంకో కొండెక్కి ఆ పెళ్లికొడుకు ఇంటికి పోయినాము. వాళ్లమ్మ అన్నీ విని, "అంటే పిల్లకు ఏమీ లేదా? ఇది ముందే చెప్పకూడదా?" అని నెత్తి కొట్టుకుంది. అబ్బాయి నేల చూస్తా కూర్చున్నాడు. పరీక్ష చేయించుకోమని అరవింద్ అడిగితే ఒప్పుకున్నాడు. అతనిలో ఏమీ లేదని తర్వాత తేలింది. వాళ్ల పెద్దలు మళ్లీ చిన్నపొన్ను ఇంటికి పోయి, జరిగింది మరిచిపోదాం అన్నారు.

నాకు సంతోషమైంది. ఊడిపోయిన ముడి మళ్లీ పడిందనుకున్నాను. ఆ మాట చెప్దామని పోతే, చిన్నపొన్ను సామలు చెరుగుతా ఉంది. చాట ఆపలేదు.

"నేను వద్దన్నాను అక్కా."

"ఎందుకు? అతనికీ ఏమీ లేదని తేలింది గదా."

"పరీక్ష సంగతి కాదు. మైకులో నా పేరు చదివేటప్పుడు ఆయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. పేరు వినంగానే పక్కకు జరిగినాడు. నేను ఇంకా అడుగు కూడా వేయలేదు, అంతలోనే జరిగినాడు." పొట్టు ఊదేసి, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. "రేపు తంగచ్చిని చీరలో మోయాల్సి వస్తే ఈయన కర్ర పట్టుకుంటాడా?"

వాళ్లమ్మ గోడకు ఆనుకొని ఏడుస్తా ఉంది. నాకేసి చూసి, "నువ్వైనా చెప్పు" అన్నది.  ఆ అమ్మాయి పెళ్లి గురించి చెప్పే హక్కు మా సంస్థకు ఆ ఆదివారంతోనే అయిపోయింది.

ఇక్కడ నీకొక సంగతి చెప్పాల అమ్మాయీ, నువ్వు ఈ ఉద్యోగంలో చేరినదానివి కాబట్టి. మేము నష్టం చేసినామని తెలిసినాక దాన్ని వెనక్కి తీసుకోగలం అనుకుంటాం. నిజం చెప్పేస్తే అంతా మొదటికి వస్తుందనుకుంటాం. రాదు. ఆ అబ్బాయి పక్కకు జరగడం ఆమె చూసేసింది. ఏ డాక్టరు పోయి చెప్పినా దాన్ని ఆమె చూడకుండా చేయలేడు.

అరవింద్ మాత్రం ఒక పని చేసినాడు. చెల్లెలికి రెండో పరీక్ష చేయించినాడు, జబ్బేనని తేలింది. కింద పెద్దాసుపత్రిలో మాట్లాడి, నెల నెలా మాత్రలు కొండమీదికే వచ్చేటట్లు చూసినాడు. ఆ తర్వాతి చలికాలం ఆ పిల్లను చీరలో మోయలేదు. మా సంస్థ అంత పెద్ద పరిశోధన చేసి ఆ ఊరికి ఇవ్వని ఒక్క వస్తువు అదే, మాత్ర.

మందైలో

మరుసటి ఏడు ప్రొఫెసర్ సార్ మళ్లీ వచ్చినాడు. ఈసారి ఇంకా పెద్ద పరిశోధన. ఇంకా ఎక్కువ రక్తం. తెల్ల బూట్లు కొత్తవి. ఊరి పెద్ద ఆండి గౌండర్ మందైకి రమ్మన్నాడు. మందై అంటే ఊరు కూడుకునే బయలు. మాటకు ముందు ఆండి గౌండర్ తీరిగ్గా ఆకు వక్క వేసుకున్నాడు. సార్ గడియారం చూసుకున్నాడు.

"సార్, రక్తం ఇస్తాము" అన్నాడు ఆండి గౌండర్. సార్ ముఖం వెలిగింది. "దానికి ముందు మీ ఇంట్లో ఎవరికి ఏం నోయి ఉందో మైకులో చెప్పండి. బడి మైకు తెప్పించినాము. మీ భార్యది, పిల్లలది, మీ అమ్మానాన్నలది. మేము విన్నాక ఇస్తాము."

సార్ నవ్వినాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వు ఆపి, "అది మా సొంత విషయం గదా అయ్యా" అన్నాడు.

 గుంపులో వెనక నిలబడిన చిన్నపొన్ను వైపు ఒకరిద్దరు తిరిగి చూసినారు. ఆమె తల దించుకోలేదు.

"సరి" అన్నాడు ఆండి గౌండర్. "పొద్దు పోతుంది. జీపులో కొండ దిగేటప్పుడు మలుపులు జాగ్రత్త."

దారిలో సార్ నాతో అన్నాడు, "వీళ్లను ఎవరో రెచ్చగొట్టినారు సిస్టర్." తమంతట తాము ఒక జనం అవమానం తెలుసుకోగలరని ఆయనకు తోచలేదు. ఆ పరిశోధన ఇంకో కొండమీద జరిగింది. కొండలకు కొదువ లేదు. కొన్నాళ్లకు పట్నంలో ఆయనకు సన్మానం చేసినారు, గిరిజనులతో మమేకమైనందుకు. నాకు ఆహ్వానం వచ్చింది, నేను పోలేదు.

ఒప్పుకోని ఊరు

రిటైరైనాక కూడా నేను అప్పుడప్పుడు ఆ ఊరికి పోతుంటాను. చిన్నపొన్ను ఇప్పుడు అక్కడి ఆరోగ్య కార్యకర్త. పెళ్లి చేసుకుంది, వేరే అబ్బాయిని. చెల్లెలు బడికి పోతా ఉంది.

పోయినసారి నేనున్నప్పుడు ఒక కొత్త టీము వచ్చింది. ఇంకో సంస్థ. నేను మూలన కూర్చొని తప్పులు పట్టుకుందామని చూసినాను, అలవాటు. దొరకలేదు. చెంబుతో ఇచ్చిన నీళ్లు తాగినారు. మాట్లాడే తమిళం ఊరి తమిళంలా ఉంది. రక్తం ఎక్కడికి పోతుందో, ఎప్పుడు పారేస్తారో, ఏం తేలితే ఎవరికి ఎట్లా చెప్తారో అన్నీ చెప్పినారు. వెళ్లిపోయి, ఊరివాళ్లు మాట్లాడుకోవడానికి వ్యవధి ఇచ్చి, మళ్లీ వచ్చినారు. ఇట్లా చేయొచ్చని మా రోజుల్లో ఎవరూ చెప్పలేదని సాకు చెప్పను. మాకూ తెలుసు. ఓపిక లేదు, అంతే.

చిన్నపొన్ను వాళ్లను కూర్చోబెట్టి చెప్పింది, "ఊరంతా మాట్లాడుకున్నాము. వద్దనుకున్నాము."

టీము పెద్ద ఒక ఆడపిల్ల, కళ్లద్దాలు. ఆమెకు అర్థం కాలేదు. "మేము ఏమైనా తప్పు చేసినామా?"

"లేదు. అన్నీ బాగానే చెప్పినారు."

"మరి ఎందుకు వద్దు?"

"కోత కాలం. మనసు కూడా లేదు. వద్దు, అంతే."

ఆ అమ్మాయి నావైపు చూసింది. రిటైరైన పెద్దామెను కదా, రాజీ చేస్తానని ఆశ. నేను చిన్నపొన్ను వైపు చూసినాను. ఆమె కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. "సరే అక్కా" అన్నది చిన్నపొన్నుతో. కారణం ఇంకోసారి అడగలేదు. రేపు ఇంకొకరిని పంపిస్తామనలేదు. ఊరికి ఏమేం లాభం పోతుందో లెక్క చెప్పలేదు.

చిన్నపొన్ను ఇంటి వెనక నుంచి పనసపండు తెచ్చి, చేతికి నూనె రాసుకొని, కోసి, తొనలు ఆకులో పెట్టి వాళ్లకు ఇచ్చింది. తిన్నారు. బస్సు దాకా నేనూ వాళ్లతో నడిచినాను. ఐస్ డబ్బాలు ఖాళీగా ఉన్నందుకు దారిపొడవునా ఒకదానికొకటి కొట్టుకుంటా చప్పుడు చేసినాయి. ఆ అమ్మాయి ముఖం దిగులుగానే ఉంది, ఎందుకుండదు, ఎంతో పని పెట్టుకొని వచ్చింది.

బస్సెక్కేముందు, "ఇట్లా వట్టి చేతులతో పోవడం నాకిదే మొదటిసారి" అన్నది.

"నువ్వు నిజంగా అడిగినావు కాబట్టి అట్లా పోతున్నావు" అన్నాను. "మేము చాలా ఏండ్లు డబ్బాలు నింపుకొనే దిగినాము."